పల్లం నుంచి వచ్చిన చీమ

"రాబోయే జులై నాలుగు స్వాతంత్ర్య దినం నాటికి మన నార్త్ హార్లోను సంపూర్ణ చీమరహిత గ్రామంగా తీర్చిదిద్దుతామని ఈ సభాముఖంగా ప్రకటిస్తున్నాను!"

ఏటా మార్చిలో జరిగే ఊరి సభలో ఛైర్మన్ వెండెల్ ప్రౌటీ గారు గరిటె పైకెత్తి ఈ మాట అనగానే హాలు చప్పట్లతో మారుమోగింది. మామూలుగా అయితే ఆయన చేతిలో ఉండాల్సింది సభను అదుపులో పెట్టే చెక్క సుత్తి. భోజనాల వేళ కాబట్టి గరిటె ఉంది. ఆ గరిటె మీద ఒక గండుచీమ ఉంది.

కరిగే మంచుకి రోడ్లన్నీ బురదగుంటలై, స్కూలు బస్సు ఇరుసుదాకా దిగబడింది. ఆ సంగతి నిలదీద్దామని పొద్దున్నే వచ్చి ముందు వరసలో కూర్చున్నవాళ్ళు కూడా చీమను చూడగానే బురదను మరిచిపోయారు. ఊరినంతా ఇంత త్వరగా ఏకతాటి మీదికి తేగలిగిన నాయకుడు వెర్మాంట్ రాష్ట్రం మొత్తం గాలించినా దొరకడు.

వచ్చిన చిక్కల్లా ఒకటే. ఆ గరిటె ఐరిస్ మల్కాహీ ఇంటి నుంచి తెచ్చిన మాపుల్ పుడ్డింగ్ గిన్నెలోది.

ఐరిస్ ఆ ఊరికి వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. ఊళ్ళో ఎవరు పోయినా ఆ ఇంటికి మొదట చేరేది ఆమె వండిన గిన్నే. చర్చిలో పాట ఎత్తుకునేదీ ఆమే. కానీ పుట్టింది మాత్రం దక్షిణాన పల్లపు రాష్ట్రమైన కనెక్టికట్‌లో. కొండల మీద పుట్టనివాళ్ళను నార్త్ హార్లోలో పల్లపోళ్ళు అంటారు. తిట్టు అని ఎవరూ ఒప్పుకోరు, కానీ ఎవరూ తమను తాము అలా అనుకోరు.

అదే సభలో చీమల నిర్మూలన సంఘం ఏర్పడింది. దాని కింద రెండు ఉపసంఘాలు వెలిశాయి. ఒకటి నల్లచీమలకు, రెండోది మిగతా రంగులకు. రోడ్ల పని చూసే ఎల్వుడ్ గోకీని కార్యదర్శిగా వేశారు. రోడ్లెలాగూ బురదలో ఉన్నాయి, అతనికి వేరే పనేం లేదు.

సంఘం మొదటి సమావేశానికి ఐరిస్‌ను పిలిపించారు.

"ఏమ్మా ఐరిస్, ఈ ఊళ్ళో ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నావ్?" అని ప్రౌటీ గారు ఎంతో మర్యాదగా అడిగారు.

"ముప్పై ఏళ్ళు దాటిందండీ."

"అంటే కొత్తగా వచ్చావన్నమాట. రాసుకో ఎల్వుడ్."

"కొత్తేమిటండీ? మా ఆయన గస్‌ని ఇక్కడి శ్మశానంలోనే కదా పెట్టాం! పెట్టెకి మీరూ ఓ పక్క భుజం పట్టారు."

"ఆయన ఇక్కడ స్థిరపడ్డాడని సంఘం ఒప్పుకుంటోంది. నీ సంగతే ఇంకా తేలాలి."

ఎల్వుడ్ పాపం తల వంచుకుని రాసుకున్నాడు. ఆ తర్వాత సంఘం సుదీర్ఘంగా చర్చించి, గండుచీమ పల్లపు జాతి అని, అది కనెక్టికట్ నుంచి ఐరిస్ సామానుతో పాటు వచ్చిందని, ఊళ్ళోకి దాని సింహద్వారం ఐరిస్ ఇంటి ముందు వరండా అని తేల్చింది. చీమలు పట్టిన వరండాను జులై నాలుగు ఊరేగింపు లోపల కూలగొట్టాలని తీర్మానించింది. సభ్యులందరూ అవునన్నారు. ఐరిస్ కాదంది కానీ ఆమె సభ్యురాలు కాదు.

ఆ వరండా గస్ తన చేతులతో కట్టింది. మొదటి మెట్టు వంకరగా వచ్చిందని ఆమె వెక్కిరిస్తే, వంకర మెట్టు మీద దొంగ తూలి పడతాడని సమర్థించుకున్నాడు. సాయంత్రాలు ఇద్దరూ అక్కడే కూర్చునేవాళ్ళు. ఆయన పోయాక ఆమె ఒక్కతే కూర్చుంటోంది. ఆ వరండా లేకపోతే ఆ ఇంట్లో ఉండి ఏం చేయాలో ఆమెకు తోచలేదు. ఇంటికి వచ్చి ఏడ్చింది. ఏడ్చాక కోపం వచ్చింది. కోపం వచ్చాక జిల్లా వ్యవసాయ కార్యాలయానికి ఫోన్ చేసింది.

"గండుచీమలు చెక్కను తినవమ్మా, గూడు కోసం తొలుస్తాయంతే," అని అక్కడి అమ్మాయి చెప్పింది. "తడిసిన చెక్కంటే వాటికి ప్రాణం. నీళ్ళెక్కడ కారుతున్నాయో చూసుకోండి. అసలు గూడు బయట ఏ మొద్దులోనో, కట్టెల్లోనో ఉంటుంది. దాన్ని పట్టుకోకుండా పైపైన మందు కొడితే ఏం లాభం లేదు."

మే నెలలో మంచు పూర్తిగా పోయాక ఐరిస్ వరండా కింద చూసింది. మూల స్తంభం మొదట్లో రంపపు పొట్టులాంటిది చిన్న కుప్పగా పడి ఉంది. పైన చూరుగొట్టంలో ఆకులు అడ్డంపడి, నీళ్ళన్నీ ఆ స్తంభం మీదుగానే కారుతున్నాయి. ఆమె ఓ మూతలో తేనె వేసి మెట్టు మీద పెట్టి పక్కనే కూర్చుంది. పొద్దువాలేసరికి చీమలొచ్చాయి. కడుపునిండా తిని తిరుగు ప్రయాణం కట్టాయి. ఐరిస్ నడుం వంచి వాటి వెంట నడిచింది. చీమలు బట్టలారేసే తాడెక్కాయి, తాడు దాటి కంచె ఎక్కాయి, కంచె దిగి పక్కింట్లోకి పోయాయి. పక్కిల్లు ఛైర్మన్ గారిది.

చీమల వరస నేరుగా వెళ్ళి కట్టెల పేర్పులో దూరింది.

ఆ పేర్పు సంగతి చెప్పాలి. నార్త్ హార్లోలో మగాడి పరువు అతని కట్టెల పేర్పులో ఉంటుంది. చలికాలానికి కట్టెలు ఎంత తిన్నగా పేర్చాడన్నదాన్ని బట్టే పిల్లనిస్తారు, ఓట్లేస్తారు. ప్రౌటీ గారి పేర్పు ఇంటి గోడకూ వరండాకూ ఆనుకుని, చూరుదాకా, దారం పట్టి కొలిచినట్టు ఉంటుంది. ఆదివారాలు జనం వచ్చి చూసి పోతారు. అంత అందమైన పేర్పును పాడుచేయడం ఇష్టంలేక ఆయన అడుగు వరసలను ఏనాడూ పొయ్యిలో పెట్టలేదు. తాతగారు పేర్చిన కట్టెలు నేలలో దిగి, నాని, మెత్తబడి అలాగే ఉన్నాయి.

"వెండెల్ గారూ, చీమల గూడు దొరికిందండీ. మీ కట్టెల్లో ఉంది," అంది ఐరిస్ కంచె ఇవతల నుంచి.

ప్రౌటీ గారు టోపీ తీశారు. ఆమె కోసం కాదు, కట్టెల కోసం. "ఐరిస్, నీ బాధ నేనర్థం చేసుకోగలను. కానీ ఇవి మా తాత చేత్తో పేర్చిన కట్టెలు. వీటిల్లో చీమ దూరదు."

"ఇదిగో, దూరుతోంది చూడండి."

ఆయన వంగి చూశారు. కాసేపు చూశారు. "అది పరామర్శకు వచ్చింది," అన్నారు.

మర్నాటి నుంచి నిర్మూలన మరింత ఉధృతమైంది. ఊరికి దక్షిణపు రోడ్డు మీద తనిఖీ కేంద్రం పెట్టారు. ఎల్వుడ్ మడత కుర్చీ వేసుకుని, కనెక్టికట్ నంబర్ ప్లేటు కనిపిస్తే కారు ఆపేవాడు.

"చీమలున్నాయా?"

"లేవండీ."

"సరే, పోండి."

ఈ పద్ధతిలో ఒక్క చీమ కూడా సరిహద్దు దాటలేదు. అటు ప్రౌటీ గారు స్వయంగా వీపుకి మందు డబ్బా తగిలించుకుని, కనిపించిన చీమనల్లా కొట్టి, చచ్చినవాటిని గాజు సీసాలో వేసి పోస్టాఫీసు కిటికీలో పెట్టించారు. సీసా నిండుతున్నకొద్దీ ఊరి గుండె ధైర్యంతో నిండింది. బయట ఇన్ని చస్తున్నా లోపల రాణిచీమ ఇంకా ఎన్ని కంటోందన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. అలాంటి ప్రశ్నలు పల్లపోళ్ళు వేస్తారు.

ఐరిస్ తన పని తాను చేసుకుంది. చూరుగొట్టం కడిగింది. కప్పును ఒరుసుకుంటున్న మాపుల్ కొమ్మను కొట్టేసింది. తన కట్టెలను ఇంటికి దూరంగా, దిమ్మెల మీద పేర్చుకుంది. పెరట్లో పుచ్చిన మొద్దును పెకలించింది. తడిసిన స్తంభం తీసేసి, రైతుసంతలో కొన్న పొడి దేవదారు దుంగ నిలబెట్టింది. బట్టల తాడు చివర పంచదార పాకంలో కాస్త బోరిక్ పొడి కలిపి పెట్టింది. మేసిన చీమలు ఆ పాకం మోసుకుపోయి కొన్నాళ్ళకు ఆమె వైపు రావడం మానేశాయి. జూన్ చివరికి ఆమె వరండా మీద ఎవరైనా గెంతినా కిర్రుమనేది కాదు. అయినా తీర్మానం తీర్మానమే.

జులై నాలుగు పొద్దున్నే ఎల్వుడ్ ఇద్దరు మనుషుల్ని, గునపాల్ని వెంటేసుకుని వచ్చాడు. ఐరిస్ వంకర మెట్టు మీద కూర్చుని ఉంది.

"లేవండి అక్కా. నాకు మాత్రం సరదానా?" అన్నాడు ఎల్వుడ్, ఆమె ముఖం చూడకుండా.

"నేను లేవను. నాతో పాటే కూలగొట్టుకోండి."

"ఛైర్మన్ గారిని అడిగొస్తా ఉండండి."

ప్రౌటీ గారు తన వరండా మీద ఉపన్యాసం వల్లె వేసుకుంటున్నారు. ఏటా ఊరేగింపు ఆ ఇంటి ముందే ఆగుతుంది, ఆయన అక్కడి నుంచే ప్రసంగిస్తారు. ఎల్వుడ్, అతని మనుషులు ఇద్దరూ పైకెక్కి ఆయన ముందు నిలబడ్డారు.

"ఆమె లేవనంటోందండీ."

"అయితే చట్టాన్ని తన పని తాను..." అంటూ ప్రౌటీ గారు కాలు నేలకేసి కొట్టారు.

పెద్ద చప్పుడేమీ కాలేదు. తడిసిన అట్టపెట్టె నలిగినట్టు వరండా మెల్లగా కిందికి దిగింది. దానితో పాటే నలుగురూ దిగారు. తాతగారి కట్టెల పేర్పు ఒకసారి ఊగి, వాళ్ళ పక్కన నింపాదిగా ఒరిగింది. లోపల్నుంచి లెక్కలేనన్ని గండుచీమలు ఎండలోకి వచ్చి అటూ ఇటూ చూశాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అంత మెత్తగా ఉంది ఆ చెక్క.

నడుందాకా దిగబడిన ప్రౌటీ గారు టోపీ సర్దుకున్నారు.

"ఎల్వుడ్, తీర్మానంలో ఏముంది?"

"చీమలు పట్టిన వరండా కూలగొట్టాలని ఉందండీ."

"కూలిందా?"

"కూలిందండీ."

"గడువు లోపలేనా?"

"లోపలేనండీ."

"మరి రాసుకో. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాం."

ఇంతలో వీధి మలుపులో బ్యాండు వినిపించింది. అగ్నిమాపక వాహనం, పాత ట్రాక్టర్లు, కాగితపు పూలు కట్టిన సైకిళ్ళు, వెనకే ఊరు ఊరంతా వస్తోంది. ఛైర్మన్ గారికి నిలబడి మాట్లాడటానికి ఎత్తైన చోటు లేదు. ఆయన ఆ వీధినంతా ఒకసారి పరికించి, నిటారుగా నిలబడి ఉన్న ఒకే ఒక్క వరండా వైపు నడిచారు.

"ఐరిస్, కాస్త చోటిస్తావా?"

"ఇది కనెక్టికట్ వరండా కదండీ?"

"ఎవరన్నారు?"

"మీరే."

"నేనా? చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషివి, నన్నంత మాటంటావా?"

ఐరిస్ కాసేపు ఆయన చొక్కా మీది చీమల్ని చూసింది. తర్వాత పక్కకు జరిగింది. ప్రౌటీ గారు వంకర మెట్టు మీద తూలి, నిలదొక్కుకుని, పైకెక్కి చేతులు చాచారు.

"సోదర సోదరీమణులారా! మన ఊరు నేడు చీమరహితమైంది! ఈ యుద్ధంలో నా పక్కన నిలిచిన వీరవనిత ఈమె. మన కొండల బిడ్డ, మన ఆడపడుచు, ఐరిస్! చీమల నిర్మూలన సంఘానికి నేటి నుంచి ఈమే అధ్యక్షురాలు!"

బ్యాండు మోగింది. జనం కేరింతలు కొట్టారు. నిన్నటిదాకా ఆమెను పల్లపామె అన్నవాళ్ళే టోపీలు గాల్లోకి ఎగరేశారు. అదంతా వట్టి మాటలని ఐరిస్‌కు తెలుసు. అయినా కళ్ళు నిండాయి. మన ఆడపడుచు అన్న మాట కోసం తానింతగా మొహం వాచి ఉన్నానని ఆ క్షణందాకా ఆమెకే తెలియదు. గస్ ఉంటే ఎంత నవ్వేవాడో అనుకుని తనూ నవ్వింది, జనానికి చెయ్యి ఊపింది.

అప్పుడే వరండా కమ్మీ మీద ఒక గండుచీమ కనిపించింది. ప్రౌటీ గారి చొక్కా మీంచే దిగి ఉంటుంది. తీరిగ్గా, అందరికీ కనిపించేలా, కమ్మీ పొడవునా నడుస్తోంది. ముందు వరసలో ఒకామె దాన్ని వేలెత్తి చూపింది. బ్యాండు ఆగిపోయింది. ప్రౌటీ గారు ఐరిస్ వైపు చూశారు. ఎల్వుడ్ చూశాడు. ఊరంతా చూసింది.

ఎదుటింట్లోకి క్రితం వారమే ఒక కొత్త జంట దిగింది. వాళ్ళ కారుకు ఇంకా న్యూజెర్సీ నంబరే ఉంది. ఆ అమ్మాయి చంకన బిడ్డనెత్తుకుని, ఊరేగింపు చూద్దామని ముచ్చటగా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

ఐరిస్ చీమను చూసింది, ఆ గుమ్మాన్ని చూసింది, గొంతు సవరించుకుంది.

"ఇది మన ఊరి చీమ కాదు," అంది.