ఏనుగులు బయటికి రాలేదు

"వానాకాలంలోనూ మన జంతువులు ప్రజలకు పూర్తిస్థాయిలో అందుబాటులో ఉంటాయి" అని మా పర్యాటక మంత్రి సిముతాన్యి గారు రాజధాని లుసాకాలో ప్రకటించారు. జంతువులను సంప్రదించారో లేదో తెలియదు. ఏమైనా, వాటి తరఫున అంత ధైర్యంగా మాటిచ్చిన మంత్రిని నా ఇరవయ్యేళ్ల డ్రైవరు ఉద్యోగంలో చూడలేదు. రుజువు కోసం జనవరిలో స్వయంగా మా లుయాంజి జాతీయ వనానికి వస్తానన్నారు. డిసెంబరు నుంచి మే దాకా మా వనం గేటుకు తాళం ఉంటుంది. దారులు బురదై, గడ్డి జీపును మించి పెరుగుతుంది.

ఏర్పాట్లు జిల్లా అధికారి న్ఖువా గారివి. మహా దక్షుడు. కార్యక్రమం టైపు చేయించారు: పదింటికి ఏనుగులు, పదీ ఇరవైకి సింహాలు, పదకొండింటికి టీ.

అప్పుడే మా పొరుగింటి జెలెసి అవ్వ ఆఫీసుకొచ్చింది. ఆమెకున్నది ఒక్క మొక్కజొన్న చేను. ఏడాది పొడుగునా న్షిమా ముద్దకు కావలసిన పిండి అందులోంచే రావాలి. నిరుడు సగం చేను ఏనుగులు మేశాయి.

"నా పరిహారం సంగతేమైంది బాబూ?"

"రాదు అవ్వా" అన్నారు న్ఖువా గారు. "వానల్లో గేటు మూసేస్తాం. మూసిన వనంలోంచి ఏనుగెలా బయటికొస్తుంది?"

"అది గేటు దగ్గరికి పోలేదయ్యా, ఏరు దాటి వచ్చింది."

"దాటినట్టు రిజిస్టర్లో లేదు."

నేను ఊరుకోలేక, "సార్, ఏనుగులే కావాలంటే మంత్రిగారిని అవ్వ చేనుకే తీసుకెళ్దాం. ఈ వారంలో మూడుసార్లు అటు వచ్చాయి" అన్నాను.

"నోర్ముయ్ కసోకా. రికార్డు ప్రకారం అక్కడ ఏనుగుల్లేవు."

మంత్రిగారు వచ్చారు. పదింటికి ఆయన బూటు దిగబడింది. పదీ ఇరవైకి జీపు దిగబడింది. టీ మాత్రం వేళకే ఇచ్చాం. మధ్యాహ్నానికి ఒక కప్ప దర్శనమిచ్చింది.

"ఏనుగులేవయ్యా న్ఖువా?"

"పరిశీలనలో ఉన్నాయి సార్."

"సాయంత్రంలోగా అవి కనబడకపోతే, రేపట్నుంచి నువ్వు ఆఫీసులో కనబడవు."

న్ఖువా గారు నా చెవిలో, "ఆ ముసలమ్మ చేను ఎటురా?" అన్నారు.

చేలో పదకొండు ఏనుగులున్నాయి. గట్టు మీద అవ్వ గొంతుక్కూర్చుని పిడకలు రాజేస్తోంది. ఏనుగు పేడలో ఎండుమిరపకాయలు కలిపి చేసిన పిడకలవి. ఆ ఘాటు తగిలితే ఎంతటి ఏనుగైనా వెనక్కి తిరుగుతుంది. తడి వాతావరణంలో తంటాలు పడి ఊదగా ఊదగా అప్పుడే పొగ లేచింది. న్ఖువా గారు పరుగెత్తి ఫ్లాస్కులో టీ అంతా దాని మీద పోశారు.

"పొగొస్తే ఫొటో పాడవుతుంది అవ్వా."

"మరి చేను పాడైతే?"

"మంత్రిగారున్నారుగా, చూసుకుంటారు."

మంత్రిగారు చూసుకున్నారు. నలభై నిమిషాలు బైనాక్యులర్స్‌లోంచి కన్నార్పకుండా చూశారు. "పాపం, ఎంత ప్రశాంతంగా తింటున్నాయో" అని కళ్లు తుడుచుకున్నారు.

అవ్వ దగ్గరికొచ్చింది. "చూశారుగా దొరా. ఏనుగులు బయటికొచ్చాయని ఇప్పుడైనా రాయించండి. ఇంట్లో నిరుటి గింజలు కూడా లేవు."

మంత్రిగారి ముఖం మాడిపోయింది. "గేటు మూశాక వానల్లో ఏనుగులు బయటికి రావని పార్లమెంటులో చెప్పాను కదయ్యా?"

న్ఖువా గారు అర నిమిషం ఆలోచించారు. అంత వేగంగా పనిచేసే బుర్ర మా జిల్లాలో మరొకటి లేదు. "రాలేదు సార్. ఇది వనం లోపలే" అన్నారు. జీపు బానెట్ మీద మ్యాపు పరిచి, పెన్సిలు తీసి, వనం సరిహద్దును అవ్వ గుడిసె అవతలికి జరిపారు. మంత్రిగారు సంతకం పెట్టారు. చీకటి పడేలోపు ఏనుగులు ఒక్క కంకి కూడా మిగల్చకుండా ముగించాయి.

వారానికి ఆఫీసు నుంచి అవ్వకు కాగితమొచ్చింది. తీసుకెళ్లి చదివి వినిపించే పని నాది. నాకు సిగ్గేసింది, అయినా చదివాను. జాతీయ వనంలో అనుమతి లేకుండా మొక్కజొన్న పండించి వన్యమృగాల అలవాట్లు చెడగొట్టినందుకు ఆమె మీద కేసు పెట్టారు. వనంలోకి ఎప్పుడు, ఎలా చొరబడిందో పద్నాలుగు రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలన్నారు.

అవ్వ ఒళ్లోని ఖాళీ చేటను పక్కన పెట్టింది.

"రాయి కసోకా. విత్తనం వేసిననాడు బయటే ఉన్నాను. తర్వాత నేనెక్కడికీ కదల్లేదు."