నోరు వెడల్పు, కింద సన్నం

ఆ శనివారం గోర్దానా పొద్దున్నే పెట్టుకున్న పని ఒకటే. పెరటి వంటింట్లో ఉడుకుతున్న టమాటా రసాన్ని మధ్యాహ్నంలోగా నలభై సీసాల్లో పోసి, మూతలు బిగించి, చలికాలం దిగులు తీర్చుకోవాలి. వాళ్ల ఊరు లెస్కొవాత్స్‌లో సెప్టెంబరు వస్తే ఏ ఇంట్లోనైనా ఇదే తంతు. సీసాలు కడిగి వరసగా నిలబెట్టి గోడ మేకు వైపు చెయ్యి చాచింది. అక్కడ ఉండాల్సిన వస్తువు లేదు. అంతకంటే పెద్ద చిక్కు, ఆ వస్తువు పేరు కూడా ఆమె బుర్రలో లేదు.

గోర్దానాకు యాభై ఒకటి. ఇరవై ఆరేళ్లుగా బడిలో భాష చెబుతోంది. ఈ ఏడాదిగా మాటలు నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోతున్నాయి. మొన్న తరగతిలో సుద్దముక్కను "ఆ తెల్లది" అంది. కళ్లజోడు ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా వెతికింది. భర్త మిలుతిన్‌కు ఏదీ చెప్పలేదు. ఆమె తల్లి చివరి రోజుల్లో కన్నకూతుర్నే పోల్చుకోలేకపోయింది. తనకూ అదే మొదలైందేమోనని భయం.

పక్కింటి దెసాంకాకు ఫోన్ చేసింది. కాల్చిన మిరపకాయలకు తొక్క తీస్తున్న దెసాంకా, చేతులు ఖాళీ లేక మోచేత్తో స్పీకర్ నొక్కింది. ఎదురుగా మిలుతిన్ అక్క రూజిత్సా కాఫీ తాగుతోంది.

"దెసాంకా, అది నీ దగ్గరుందా?"

దెసాంకా రూజిత్సా వైపు చూసింది. "ఉంది. ఏం?"

"అదే, నోరు ఇంత వెడల్పు, కిందికొచ్చేసరికి సన్నం. పైనుంచి ఏం పోసినా లోపల నిలవదు, అంతా బయటికొచ్చేస్తుంది."

రూజిత్సా కప్పు కింద పెట్టింది.

"దాన్ని ఓసారి ఇటు పంపించు. పనయ్యాక శుభ్రంగా కడిగి పంపిస్తా."

"ఎందుకే అంత కోపం?"

"పొయ్యిమీద రసం పొంగిపోతుంటే కోపం రాదా? మా ఇంట్లోదాన్ని మా ఆయన షెడ్డుకు తీసుకెళ్లి ఒళ్లంతా గ్రీజు చేశాడు. ఇంక దాన్ని గడప తొక్కనివ్వను."

గోర్దానా ఫోన్ పెట్టేసింది. రూజిత్సా లేచి నిలబడింది.

"నేను 'అది' అయ్యానా? నన్ను కడుగుతుందా? పైగా మా తమ్ముడు షెడ్డులో ఎవత్తెనో పెట్టాడా?"

ఆమె నేరుగా షెడ్డుకు నడిచింది. గొడవ ఆపడానికని దెసాంకా వెంటపడింది గానీ, ఆపే తొందరేమీ చూపించలేదు. మిలుతిన్ పాత కారు కింద పడుకుని ఉన్నాడు.

"దాన్ని బయటికి రమ్మను" అంది రూజిత్సా.

"దీన్నా? ఎలా వస్తుందక్కా, కదల్లేని స్థితిలో ఉంటే."

"ఎన్నాళ్లుగా సాగుతోంది ఇది?"

"పదేళ్లు. వదిలెయ్యమని గోర్దానా పోరుతూనే ఉంది. నాకే మనసు రావడం లేదు."

రూజిత్సా అక్కడున్న టైరు మీద కూలబడింది. ఒక్క క్షణమే. లేచి తమ్ముణ్ణి కారు కింద నుంచి కాళ్లు పట్టి లాగి, చొక్కా కాలరు పట్టుకుని పెరటి వంటింటికి నడిపించింది.

"ఇదిగో, వచ్చాను. కడుగు."

గోర్దానా ఆమె చేతుల వైపు చూసింది. "ఊరికే వచ్చారా వదినా? అది తేలేదా?"

"ఆ 'అది' నేనే. ఆ వెడల్పు నోరూ నాదే. ముందు వీడు షెడ్డులో దాచినదాని సంగతి తేల్చు."

రసం పొంగి పొయ్యి మీద చుయ్యిమంది. గోర్దానా మంట ఆర్పి, ఒక సీసా తీసుకుని, దాని మూతి మీద వేళ్లు గుండ్రంగా పట్టి చూపించింది. "ఇలా పెట్టి... ఇలా పోస్తాం కదా, అది..." సీసా కింద పెట్టేసింది. "పేరు రావడం లేదు వదినా. ఊరి పిల్లలందరికీ మాటలు నేర్పాను, నాకే రావడం లేదు. అమ్మకూ ఇలాగే మొదలైంది."

రూజిత్సా తమ్ముడి కాలరు వదిలేసింది.

"గరాటా?" అన్నాడు మిలుతిన్ మెల్లగా.

"అదే" అని గోర్దానా పీట మీద కూర్చుని ఏడ్చేసింది. దెసాంకా చప్పుడు చేయకుండా ఇంటికి వెళ్లి తన గరాటు తెచ్చింది.

రూజిత్సా ఇంకో పీట లాక్కుంది. "ముట్టు ఆగి ఎన్నాళ్లయింది?"

"తొమ్మిది నెలలు."

"ఒళ్లంతా సెగలు, నిద్ర లేకపోవడం?"

"రెండూ ఉన్నాయి."

"మిలుతిన్, నువ్వు నీ కారు దగ్గరికి పో." అతను ప్రాణం లేచివచ్చినట్టు వెళ్లిపోయాడు.

"రెండేళ్ల కిందట నాదీ ఇదే గతి" అంది రూజిత్సా. "మా ఆయన్ని కుక్క పేరుతో పిలిచేదాన్ని, కుక్కను ఆయన పేరుతో. కుక్కే ముందు పలికేది. మతి పోతోందని ఏడ్చి, ఎవరికీ చెప్పకుండా నీష్ పట్నం వెళ్లి డాక్టరమ్మకు చూపించుకున్నా. పరీక్షలన్నీ చేసి, ఇది మీరు భయపడే జబ్బు కాదు, ముట్టు ఆగే వయసులో చాలామందికి ఇలా మసకగా ఉంటుంది, మెల్లగా సర్దుకుంటుంది అంది. నాకు సర్దుకుంది."

"మాకెవరికీ చెప్పలేదేం?"

"నువ్వు నవ్వుతావని."

ఊళ్లో కబుర్లన్నీ మోసే వదిన ఈ ఒక్కటీ రెండేళ్లు కడుపులో దాచుకుందంటే గోర్దానాకు నమ్మబుద్ధి కాలేదు. కళ్లు తుడుచుకుంది. ముగ్గురూ కలిసి సాయంత్రానికి సీసాలు నింపారు.

రూజిత్సాయే ఫోన్ చేసి మంగళవారం తొమ్మిదింటికి డాక్టరమ్మ దగ్గర సమయం తీసుకుంది. ఒంటరిగా పంపనని తనూ బయల్దేరింది. ఇద్దరూ చక్కగా ముస్తాబై, బస్సెక్కి, అరగంట ముందే వెళ్లి కూర్చున్నారు. ఆ రోజు బుధవారం. నర్సు ఏమీ అనలేదు. మంగళవారం రావలసినవాళ్ల కోసం అక్కడ బుధవారం ఉదయాలు ఎప్పుడూ ఖాళీగానే ఉంచుతారు.