పీచు రంగు కుటుంబం

ఆ సోమవారం పొద్దున గుంటూరులో మాధవీలత వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. చీరాలలో మామగారు మాలకొండయ్య తన చేనేత చీరల కొట్టును పెద్ద గదిలోకి మారుస్తున్నాడు. గల్లాపెట్టె వెనక గోడకు ఇంటిల్లిపాదీ దిగిన ఫొటో పెట్టుకోవాలని ఆయన కోరిక. ఊళ్లో సగం పెళ్లిళ్లకు చీరలు ఇచ్చిన ఆ మనిషికి భార్య మల్లేశ్వరితో కలిసి దిగిన ఫొటో ఒక్కటీ లేదు. ఎప్పుడు దిగుదామన్నా కొట్లో బేరం ఉండేది. అందుకని ఆదివారం అందరూ అమరావతిలో కలవాలి, కృష్ణ ఒడ్డున ఫొటో దిగాలి, ఎవరింటికి వాళ్లు పోవాలి. ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదు.

అందరూ ఒకే రంగు బట్టలు కట్టుకోవాలన్న ఆలోచన మాధవికి కాఫీ తాగుతుండగా వచ్చింది.

"పీచ్ కలర్ అయితే బాగుంటుందండీ," అంది భర్త వేణుగోపాల్‌తో. అతను మిర్చి కోల్డ్ స్టోరేజీలో మేనేజరు. అతనికి తెలిసిన రంగు ఒక్కటే, ఎరుపు. అందులో తేజ రకం మిర్చి ఎరుపు వేరని కూడా తెలుసు.

"అంటే ఎలా ఉంటది?"

"గులాబీకీ నారింజకీ మధ్యలో ఉంటుంది."

"రెండిట్లో ఏదో ఒకటి చెప్పరాదూ, కట్టుకుంటా."

మాధవి అతన్ని వదిలేసి అత్తగారికి ఫోన్ చేసింది. చీరాలలో మల్లేశ్వరి ఫోన్ ఎత్తింది. పక్కగదిలో మాలకొండయ్య మగ్గం టకటకలాడుతోంది.

"అత్తయ్యా, ఫొటోకి అందరం పీచ్ కలర్ అనుకుంటున్నా!"

"ఏ కలరూ?"

"పీచ్! పీచ్!"

"పీచా?"

"ఆఁ, అదే! మీరేం హైరానా పడొద్దు, బట్టలు నేనే ఆన్‌లైన్‌లో తెప్పిస్తా!"

ఈ చివరి మాట మగ్గం మింగేసింది. మల్లేశ్వరి మొగుడి దగ్గరికి వెళ్లి, చిన్నకోడలు అందరికీ పీచు రంగు బట్టలు కావాలంటోందని చెప్పింది.

"పీచా? కొబ్బరి పీచా?" అన్నాడు మాలకొండయ్య.

"ఆఁ, అదేనంట. రెండుసార్లు అడిగా."

మాలకొండయ్య ఒక్క క్షణం అదోలా చూశాడు. తర్వాత ఆయన మొహం వెలిగిపోయింది. పెద్దకొడుకు శివనాగరాజు ఒంగోలులో గ్రానైట్ లారీలు తిప్పుకుంటున్నాడు. చిన్నవాడు మిరపకాయల్లో పడ్డాడు. కొడుకులిద్దరూ మగ్గం వైపు చూడలేదు, కోడళ్లు కొట్టు వైపు చూడలేదు. ఇంట్లో ఒక మనిషి నోరు తెరిచి ఆయన్ని ఒక బట్ట అడగడం ఇదే మొదటిసారి.

"బజార్లో దొరికే రంగు కాదు కాబట్టే మనకి చెప్పింది," అంటూ తెల్ల చీరలు, తెల్ల గుడ్డ చంకన పెట్టుకుని అద్దకం చేసే ఏసోబు ఇంటికి బయల్దేరాడు.

ఏసోబు అంతా విని, గొంతు తగ్గించి అడిగాడు. "పీచు రంగు చీరలా? ఇంట్లో ఎవరికైనా ఏమన్నా అయిందా అండీ?"

"మా చిన్నకోడలు ముచ్చటపడిందయ్యా."

"అట్టాగా. అయితే వేద్దాం లెండి. కానీ ఆదివారానికంటే రంగు సరిగ్గా ఆరదు, ముందే చెబుతున్నా."

ఈలోగా మల్లేశ్వరి ఒంగోలుకు ఫోన్ చేసి పెద్దకోడలు హేమశ్రీకి కూడా కబురు చెప్పింది. హేమశ్రీ ఫోన్ పెట్టేసి చాలాసేపు ఆలోచించింది.

"మనందరికీ పీచు కట్టబెట్టి, తను పట్టుచీరలో దిగుతుంది. మాధవి సంగతి నాకు తెలియదా!" అని మొగుడితో అని, మిరపపండు రంగు పట్టుచీర ఇస్త్రీకి వేసింది.

శుక్రవారం గుంటూరులో మాధవి ఆన్‌లైన్ పార్సెల్ వచ్చింది. ఫోన్లో పీచ్‌లా కనిపించిన కుర్తా పొట్లం విప్పేసరికి అచ్చం ఒంటి రంగులో ఉంది. వేణుగోపాల్ అది తొడుక్కుని వరండాలోకి వెళ్లాడు. ఎదుటి ఫ్లాట్ జాస్మిన్ ఠక్కున తలుపు మూసేసి లోపల్నుంచి అంది.

"అన్నయ్యగారూ, పిల్లలు తిరుగుతుంటారు. కాస్త చొక్కా వేసుకుని బయటికి రండి."

వాపసు పంపే టైం లేదు. మాధవి ఆ బట్టలే కారు డిక్కీలో పెట్టుకుని ఆదివారం అమరావతి చేరింది. అక్కడ మాలకొండయ్య ఒక పెద్ద మూట పక్కన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయనే స్వయంగా ముడి విప్పాడు. లోపల కొబ్బరి పీచు రంగులో చీరలు, పంచెలు, కండువాలు, పాత కొలతలతో కుట్టించిన చొక్కాలు.

"చూడమ్మా. నువ్వన్న రంగు వచ్చిందా?"

"మావయ్యా, నేనన్నది..." అంటూ మాధవి తలెత్తింది. పదో తరగతి రిజల్ట్ కోసం నిలబడ్డ పిల్లాడిలా ఉంది ఆయన మొహం. "ఇదే మావయ్యా. చాలా బాగుంది."

డిక్కీ తాళం వేణుగోపాల్ జేబులోకి జారిపోయింది.

అప్పుడే ఒంగోలు కారు ఆగింది. అందులోంచి హేమశ్రీ ఎర్రపట్టులో ధగధగలాడుతూ దిగింది. మాధవి చేతిలో పీచు చీర చూసి ఆగిపోయింది.

"నీకూ పీచేనా?"

"నాకూ పీచే అక్కా."

తన వంతు చీర అందుకుంది హేమశ్రీ. అందరూ సత్రంలో బట్టలు మార్చుకుని ఏటి ఒడ్డుకు వచ్చి వరసగా నిలబడ్డారు. ఫొటోగ్రాఫర్ అమానుల్లా కెమెరాలోంచి చూశాడు. కెమెరా దించి మామూలు కళ్లతో చూశాడు.

"మేడం, వెనక గట్టు కూడా ఇదే రంగు. ఉత్త తలకాయలే కనపడుతున్నాయి. గుడి రోడ్డు వైపు జరుగుదామా?"

జరిగారు. ఎండ చుర్రుమంటోంది. కుటుంబమంతా ఒకే రంగులో బారుగా నడిచి వస్తుంటే, ఎదురొచ్చిన ఒక పెద్దావిడ చేతిసంచీ కింద పెట్టి మాలకొండయ్య కాళ్ల మీద పడింది.

"స్వామీ! ఇదేం దీక్ష స్వామీ?"

"ఫొటో దీక్షమ్మా!" అన్నాడు శివనాగరాజు. అతని గొంతుకు రోడ్డంతా తిరిగి చూసింది. కొత్త దీక్ష పేరు ఎవరికీ సరిగ్గా వినపడలేదు గానీ చేతులు మాత్రం జోడించారు.

మాలకొండయ్య కంగారుపడి పైకండువాతో నుదురు తుడుచుకున్నాడు. ఆరని రంగు చెమటకు కరిగి నుదుటి మీద అడ్డంగా నామంలా దిగింది.

"ఆ బొట్టు మా వాడికి కూడా పెట్టండి స్వామీ, పరీక్ష తప్పుతున్నాడు," అంటూ ఒకాయన కొడుకుని ముందుకు తోశాడు. అతని వెనక ఇంకొందరు నిలబడ్డారు. ఎవరో కొబ్బరికాయ కూడా కొట్టారు. శివనాగరాజు తండ్రిని భుజం పట్టుకుని, జనాన్ని తప్పించుకుంటూ కార్ల దగ్గరికి లాక్కొచ్చాడు. అప్పటికి అందరి మెడలూ పీచు రంగులోకి మారాయి.

మాలకొండయ్య సత్రం మెట్టు మీద కూలబడి ఊపిరి పీల్చుకున్నాడు.

"అమ్మాయ్, ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోమాక. ఈ రంగులో నీకు ఏం నచ్చింది?"

మాధవి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు నచ్చలేదు మావయ్యా. మీరు అంత ఇష్టంగా అద్దించారని కట్టుకున్నా."

"నాకు ఇష్టమా! కొట్టు పెట్టిన కాడ్నించీ ఇంత దరిద్రపు రంగు నేను ముట్టుకోలేదు! నువ్వు నోరు తెరిచి అడిగావు గదా అని..."

"నేను అడిగింది పీచ్ మావయ్యా."

"ఇది మరి పీచు గాక ఏంది?"

"పీచు కాదు, పీచ్! అదొక పండు!"

అందరూ మల్లేశ్వరి వైపు తిరిగారు. "నన్ను చూస్తారేం? మగ్గం ఆపమంటే ఈయన ఆపితేగా!" అందామె.

వేణుగోపాల్ నెమ్మదిగా డిక్కీ తెరిచి కుర్తా తెచ్చాడు. "అసలు పీచ్ ఇది నాన్నా."

మాలకొండయ్య దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు, ఎండకు పెట్టి చూశాడు, కొడుకు చేతి పక్కన పెట్టి చూశాడు. ఏది చెయ్యో ఏది గుడ్డో తేలలేదు.

"దీనికంటే నా పీచే నయం గదరా!"

ముందు నవ్వింది హేమశ్రీ. తర్వాత ఎవరు ఎప్పుడు మొదలెట్టారో తెలియదు. మల్లేశ్వరి మొగుడి భుజం మీద తల వాల్చి మరీ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో ఆయన నుదురు తుడవబోయి ఇంకాస్త రంగు పూసింది. అమానుల్లా ఎవర్నీ ఏమీ అడక్కుండా కెమెరా నొక్కుతూనే ఉన్నాడు.

"ఈసారి కూడా నన్నే అడుగమ్మా," అన్నాడు మాలకొండయ్య తేరుకుని. "కానీ ఫోన్లో వద్దు. కొట్టుకి రా. వేలు పెట్టి చూపించు."

గోడకు ఏ ఫొటో పెట్టాలో అందరికీ ఒకటే మాట, ఆ నవ్వుల ఫొటోనే. చిక్కంతా మళ్లీ రంగు దగ్గరే వచ్చింది. కంప్యూటర్లో బట్టల రంగు మార్చొచ్చని అమానుల్లా నోరు జారాడు. మాధవి పీచ్ అంది, హేమశ్రీ ఎరుపు అంది, శివనాగరాజు ఏదైనా సరే గానీ తొందరగా తేల్చమన్నాడు. మల్లేశ్వరి అమానుల్లాను పక్కకు పిలిచి చెవిలో ఏదో చెప్పింది.

మాలకొండయ్య కొత్త కొట్లో ఇప్పుడు అన్ని రంగులూ ఉన్నాయి, గోడ మీద నలుపు తెలుపు ఫొటోలో తప్ప.