క్లైవ్ నంబరు మీద లోర్నా

ఆ ఆదివారం పొద్దున లోర్నా పెథరిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. క్లేర్ ఊళ్లో సైకిలెక్కి, ద్రాక్షతోటల మధ్య నలభై కిలోమీటర్లు నింపాదిగా తొక్కి, ఆ తర్వాత గడ్డి మీద కూర్చుని భర్త క్లైవ్ కోసం ఎదురుచూడటం. నూట ఇరవై కిలోమీటర్ల ఘనకార్యం అతనిది. ఇలాంటి సామూహిక సైకిల్ యాత్ర ఇద్దరికీ ఇదే మొదటిసారి. క్లైవ్ మాత్రం ఆరు నెలలుగా దాని గురించి తప్ప వేరే మాట మాట్లాడలేదు.

కారు దగ్గర హడావిడిలో, మసక వెలుతురులో, ఒకరి వీపుకి ఒకరు నంబరు గుడ్డలు పిన్నులతో గుచ్చుకున్నారు. క్లైవ్ మరుగుదొడ్డి ముందు వరుసలో నిలబడి ఉండగా, పసుపు చొక్కా వేసుకున్న కార్యకర్త ఒకావిడ లోర్నా వీపు చూసి, ఎర్ర నంబర్ల వాళ్లు వెళ్లిపోతున్నారంటూ ఆమెను గుంపులోకి తోసేసింది. ఎర్రవి నూట ఇరవై వాళ్లవని, తన నలభైకి ఆకుపచ్చ అని లోర్నాకు తెలియదు. నిర్వాహకులు పంపిన ఉత్తరం చదివింది క్లైవ్ కదా.

రెండు గంటలు గడిచేసరికి ద్రాక్షతోటలు పోయి గోధుమ చేలు వచ్చాయి. అవీ పోయి గొర్రెలు వచ్చాయి. పక్కనే తొక్కుతున్న, గొర్రెలు పెంచే ముసలి రైతు మెర్వ్ క్లైనిగ్‌ని, ముగింపు ఇంకెంత దూరమని అడిగింది.

"డెబ్భై ఉంటుంది అమ్మాయ్."

"నాది నలభైయే కదండీ మొత్తం."

"నీ వీపు అలా అనడం లేదే."

ఆమె ఫోను క్లైవ్ జేబులో ఉంది. వెనక్కి తిరిగితే యాభై అని లెక్క వేసుకుంటుండగా మెర్వ్, ముందుకెళితే బర్రా అనే ఊళ్లో కనీసం టీ దొరుకుతుందన్నాడు. సరిగ్గా అప్పుడే గూడు కాచుకుంటున్న మ్యాగ్‌పై పిట్ట ఒకటి ఆమె హెల్మెట్ మీద టపీమని కొట్టింది. లోర్నా ప్రాణభయంతో తొక్కింది. ఆమె పోటీకి దిగిందనుకుని వెనక గుంపంతా వెంటపడింది. బర్రాలో అందరికంటే ముందు దిగిన ఆమెకు చప్పట్లు కొట్టారు. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. అక్కడ అరగంట కూర్చుని, వచ్చిన ప్రతివాణ్నీ క్లైవ్ కనిపించాడా అని అడిగింది. ఎవరూ చూడలేదు. ఏ గుంటలో పడ్డాడోనన్న దిగులు పట్టుకుంది. ఆ దిగులుతోనే మళ్లీ ఎక్కింది. తొంభయ్యో కిలోమీటరు దగ్గర ఎత్తు మీద ఏడ్చింది. మెర్వ్ ఉప్పు చల్లిన ఉడకబెట్టిన బంగాళాదుంపలో సగం ఆమె చేతిలో పెట్టాడు.

ఇక్కడ క్లేర్‌లో క్లైవ్, తన వీపు చూసిన కార్యకర్త ఆ గుంపు ఎనిమిదింటికని చెబితే సమయం మార్చారనుకున్నాడు. దారిలో అందరినీ దాటుకుంటూ పోతూ, ఆరు నెలల కష్టం ఫలించిందని పొంగిపోయాడు. కార్యకర్తలు చెయ్యి చూపిన మలుపల్లా తిరిగి తొమ్మిదింబావుకల్లా, నలభయ్యో కిలోమీటరు దగ్గరే, ముగింపు గీత దాటేశాడు. మైకులో లోర్నా పెథరిక్‌కి యాభై దాటిన ఆడవాళ్లలో మొదటి బహుమతి అన్నారు. ఎవరో అతని వీపు చూసి చేతిలో కప్పు పెట్టారు.

పదకొండు దాకా చూసి అతను కార్యాలయపు గుడారంలోకి వెళ్లాడు.

"నా భార్య కనిపించడం లేదు. లోర్నా పెథరిక్."

అక్కడి ఆవిడ కంప్యూటర్ తెర చూసింది. "ఆవిడ ఎప్పుడో వచ్చేశారండీ. కప్పు కూడా తీసుకున్నారు."

"తీసుకున్నది నేను."

"అయితే దొరికారు కదా. ఇంకెవర్ని వెతకాలి?"

"నేను క్లైవ్‌ని."

"క్లైవ్ పెథరిక్ ఇప్పుడే బర్రా దాటాడు. నెమ్మదే గానీ, బాగానే తొక్కుతున్నాడు."

ఆమె చల్లగా నవ్వి అతన్ని ప్రథమ చికిత్స గుడారానికి పంపింది. అక్కడి నర్సు ఎండదెబ్బ అని తేల్చి, పడుకోబెట్టి, నుదుటి మీద తడిగుడ్డ వేసింది. అరగంటకోసారి పేరు అడిగేది. అతను క్లైవ్ అనేవాడు. ఆమె అతన్ని పక్కకి తిప్పి నంబరు చూసి, జాబితా చూసి, ఇంకో అరగంట పొడిగించేది.

మూడింటికి లోర్నా వచ్చింది. క్లైవ్ పెథరిక్ చేరుకున్నాడని మైకులో చెప్పారు. ఆమె సైకిల్ గోడకు ఆనించి, కాళ్లు ఈడ్చుకుంటూ భర్త కోసం గుడారాలన్నీ వెతికి, చివరికి నర్సు దగ్గరికొచ్చింది. మంచం మీద, పొట్ట మీద కప్పుతో, క్లైవ్ క్షేమంగా ఉన్నాడు. ఆమెకు ఒక్కసారిగా ఊపిరి అందింది. ఆ తర్వాత కప్పు మీద చెక్కిన అక్షరాలు చదివింది. అతన్ని పక్కకి తిప్పి వీపు మీది నంబరు చూసింది. అంతా అర్థమైంది.

"మీరు ఈయన మనిషేనా?" అంది నర్సు. "పేరు క్లైవ్ అంటున్నాడు. నిజమేనా?"

క్లైవ్ ఆశగా తలెత్తాడు. లోర్నా కప్పు తీసి చంకలో పెట్టుకుంది.

"ఇంకో అరగంట పడుకోనివ్వండి," అంది.

ఫలితాల పట్టిక ప్రకారం, ఆ ఇంట్లో నూట ఇరవై కిలోమీటర్లు తొక్కిన మనిషి ఈ రోజుకీ క్లైవే.