ముప్పై ఒకటో నంబరు లకుముకి పిట్ట

ఆదివారం ఉదయానికి భూతద్దం అనే ఆసామి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి పార్సిల్ విప్పాలి. లోపలున్న కార్డును ఆల్బమ్‌లో ముప్పై ఒకటో గడిలో దూర్చాలి. ఆల్బమ్ తీసుకెళ్ళి పక్కగదిలో అక్క ఒళ్ళో పెట్టాలి. తర్వాత కాఫీ. ఇంత చిన్న పథకం కూడా బెడిసికొడుతుందని అతనికి మొదటినుంచీ అనుమానంగానే ఉంది. నాలుగు రోజులుగా పట్టిన ముసురు వదల్లేదు. పార్సిల్ ఒక మూల తడిసి వచ్చింది.

భూతద్దం అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. అతనొక బీమా ఆఫీసులో సంతకాలు పోల్చే గుమస్తా. పాలసీ మీది సంతకాన్నీ క్లెయిము కాగితం మీది సంతకాన్నీ పక్కపక్కన పెట్టుకుని, భూతద్దంలోంచి చూసి, "సరిపోయింది" అనో "సరిపోలేదు" అనో రాయడం ముప్పై రెండేళ్ళుగా అతని ఉద్యోగం. ఆఫీసులో అతనికి ఇంకో ప్రఖ్యాతి కూడా ఉంది. చల్లగాలి తగిలితే చాలు, వరసగా మూడు తుమ్ములు తుమ్ముతాడు. హమ్మయ్య, అయిపోయాయని అందరూ మళ్ళీ పనిలో పడ్డాక, తీరిగ్గా నాలుగోది తుమ్ముతాడు. ఆ నాలుగోదానికి ఉలిక్కిపడి ఒక టైపిస్టు బదిలీ కూడా చేయించుకుంది.

కార్డుల సంగతి చెప్పాలంటే యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. అప్పట్లో ఒక టీ పొట్లంలో పిట్టల బొమ్మల కార్డులు వచ్చేవి. మొత్తం నలభై. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. అక్కా తమ్ముళ్ళిద్దరూ కలిసి ముప్పైతొమ్మిది పోగుచేశారు గానీ, ముప్పై ఒకటో నంబరు లకుముకి పిట్ట మాత్రం ఎన్ని పొట్లాలు చింపినా రాలేదు. అమ్మ పోయాక అతన్ని పెంచింది అక్కే. తమ్ముడి చదువయ్యేదాకా తన పెళ్ళి మాట ఎవరినీ ఎత్తనివ్వలేదు. ఆ తర్వాత ఎత్తడానికి ఎవరూ మిగల్లేదు. ఇప్పుడు ఆవిడ కళ్ళు మసకబారుతున్నాయి. ఈ ఏడాది దాటితే వెలుగూ చీకటీ తప్ప ఇంకేమీ తెలియదని డాక్టరు చెప్పేశాడు.

మూడేళ్ళ కిందట, కళ్ళ జబ్బు మొదలైన కొత్తలో, ఆవిడ ఒకే ఒక్క కోరిక కోరింది. "ఆ ముప్పై ఒకటో నంబరు పిట్టని చూపు పోయేలోగా ఒక్కసారి చూడాలనుందిరా."

ఆ రోజునుంచి అతను ఆన్‌లైన్ వేలం పాటల్లో పడ్డాడు. మొదటివాడు సగం కార్డు పంపాడు. ఇదేమిటయ్యా అంటే, "ఫొటోలో కూడా సగమే ఉంది కదా సార్, మిగతాది మీరే ఊహించుకున్నారు" అన్నాడు. రెండోవాడు తన అత్తగారి పేరుతో తనే పాట పెంచుకుంటూ పోయాడు. విసిగిపోయి భూతద్దం మానేసేసరికి కార్డు అత్తగారికే మిగిలింది. మర్నాడు వాడు, "మా అత్తగారు హఠాత్తుగా పోయారు, మీరే తీసుకోండి" అని రాశాడు. భూతద్దం సంతాపం కూడా తెలిపాడు. వారం తిరక్కుండా ఆ అత్తగారు ఇంకో కార్డుకి పాట పాడుతూ కనిపించింది.

ఈసారి అమ్మినవాడి దుకాణం పేరు నిఖార్సు. రెండు నెలల జీతం పోసి కొన్నది ఈ నిఖార్సు దగ్గరే.

కార్డు పైకి తీశాడు. అదే పిట్ట. పొడుగు ముక్కు, నీలి రెక్క. కుడివైపు కింది మూల ఏదో చిన్న బొడిపె తగిలింది. పాత కార్డు కదా, దెబ్బ తగిలి ఉంటుందనుకున్నాడు. గడిలో దూర్చబోతూ బొటనవేలు చూసుకున్నాడు. వేలు నీలంగా ఉంది.

భూతద్దం తీసి చూశాడు. అచ్చు చుక్కలు లేవు. కుంచె గీతలున్నాయి. వేలిని వాసన చూశాడు.

"ఏమండీ, కాఫీ పెట్టనా?" అంది భార్య వంటింట్లోంచి.

"నీలిమందు! బట్టలకు పెట్టే నీలిమందుతో పిట్టని వేసి నాకు అంటగట్టాడు!"

భార్య వచ్చి చూసింది. గొంతు తగ్గించి, "బాగానే ఉందిగా. వదినకి ఎలాగూ సరిగ్గా ఆనదు. పెట్టెయ్యండి, సంతోషిస్తారు" అంది.

"అక్కని మోసం చెయ్యమంటావా? పుట్టి బుద్ధెరిగాక అక్కకి ఒక్క అబద్ధం చెప్పలేదు నేను!"

"వచ్చిందట్రా?" అంది అక్క పక్కగదిలోంచి.

"లేదక్కా, వానకి ఎక్కడో ఆగిపోయిందట."

భార్య కాఫీ పెట్టడానికి వెళ్ళిపోయింది.

నిఖార్సుకి ఫోన్ చేస్తే, "వానకి తడిస్తే నేనేం చేస్తాను సార్?" అన్నాడు.

"అచ్చు కార్డు తడిస్తే రంగు వదలదు. నేను సంతకాలు చూసేవాణ్ణి. నీ సంతకం పెట్టిన రసీదు నా చేతిలో ఉంది."

నిఖార్సు గొంతు మారిపోయింది. "నన్నూ ముంచారు సార్. పళ్ళ డాక్టరు ఒకాయన దగ్గర కొన్నాను. ఆయన్ని అడగండి."

పళ్ళ డాక్టరు, తను లెక్కల టీచరమ్మ దగ్గర కొన్నానన్నాడు. నకిలీ అని వారంలోనే తెలిసిపోయిందని ఒప్పుకున్నాడు కూడా.

"తెలిసీ ఎలా అమ్మారండీ?"

"ఉంచుకుంటే మోసపోయినవాణ్ణి నేనే అవుతాను కదండీ."

లెక్కల టీచరమ్మ అదే మాట ఇంకాస్త వివరంగా చెప్పి, తను గుండీల కొట్టాయన దగ్గర కొన్నానంది. భూతద్దానికి విచిత్రంగా తోచిందేమిటంటే, వీళ్ళలో ఒక్కరికీ సిగ్గు లేదు. తనకు అమ్మిన మనిషిని తల్చుకుంటే మాత్రం ప్రతి ఒక్కరికీ ఒళ్ళు మండిపోతోంది. మంగళవారానికల్లా నలుగురూ ఒక గ్రూపు పెట్టుకున్నారు. దానికి పెద్దమనిషిగా భూతద్దాన్ని ఎన్నుకున్నారు. అతను ఆఫీసు పద్ధతిలో ఒక ఒప్పంద పత్రం తయారుచేశాడు. ఈ కార్డును అసలుదని చెప్పి మొట్టమొదట చెలామణీ చేసిన వ్యక్తి ఎవరైనా సరే, నష్టపోయిన అందరికీ పైసాతో సహా చెల్లించాలి. వాడి ఫొటో కార్డులు కొనేవాళ్ళందరికీ పంపాలి. వాడు పనిచేసే ఆఫీసుకి ఈ పత్రం నకలు చేరాలి. ఏ కారణం చేతా కనికరించరాదు. కింద తన మెలికల సంతకం పెట్టి, ఫొటో తీసి గ్రూపులో వేశాడు. అందరికంటే ముందు చప్పట్ల బొమ్మలు పంపింది నిఖార్సు.

"మనిషి జీవితం నాశనమైపోదూ?" అంది భార్య అది చదివి.

"అవ్వాలి" అన్నాడు భూతద్దం.

బుధవారం సాయంత్రం గ్రూపంతా కలిసి మాట్లాడే ఫోన్లోకి గుండీల కొట్టాయన కూడా వస్తానన్నాడు. ఇంట్లో సిగ్నల్ సరిగ్గా అందేది అక్క గదిలో, కిటికీ దగ్గరే. వేరే దారిలేక అక్కకి నిజం చెప్పేశాడు. దొంగ కార్డు వచ్చిందని, దొంగ ఇవాళ దొరుకుతాడని. అందరికీ వినపడేలా ఫోన్ గట్టు మీద పెట్టాడు. అక్క మంచం మీద కూర్చుని చెయ్యి చాపింది.

"ఏదీ, ఇలా ఇవ్వు."

కార్డు ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని కళ్ళకు ఆనించుకుని చూసింది, లాభం లేక వేళ్ళతో తడమసాగింది.

"నాలుగో క్లాసులో నాకంటగట్టాడండీ" అన్నాడు గుండీల కొట్టాయన. "అసలుదే అని ఒట్టేశాడు. మా నాన్న సైకిల్ బెల్లు విప్పి వాడికిచ్చాను. బెల్లు ఏదిరా అని మా నాన్న తోలు వలిచాడు. నకిలీ అని ఆ రోజు ఇంటికెళ్ళగానే తెలిసింది. నలభై ఏళ్ళు కసిగా దాచుకుని, ఉండబట్టలేక ఈ టీచరమ్మకి అమ్మేశాను."

"వాడి పేరు?" అంది లెక్కల టీచరమ్మ.

"పేరు గుర్తులేదండీ. అందరం నాలుగు తుమ్ములోడు అనేవాళ్ళం. మూడు తుమ్మి ఆగేవాడు. అయిపోయిందనుకున్నాక ఇంకోటి తుమ్మేవాడు."

అక్క వేళ్ళు కార్డు కుడి మూల బొడిపె మీద ఆగిపోయి ఉన్నాయి.

జ్వరం. నాలుగో క్లాసులో వారం రోజుల జ్వరం. లకుముకి పిట్ట కావాలని తను ఏడవడం. పద్నాలుగేళ్ళ అక్క మూడు మధ్యాహ్నాలు నేల మీద బోర్లా పడుకుని, పుస్తకంలో బొమ్మ చూసి, నీలిమందు కలిపి పిట్టను వెయ్యడం. చెప్పుల పెట్టె అట్టకు అంటించాక జిగురు చాలక ఒక మూల దారంతో కుట్టి ముడి వెయ్యడం. తగ్గి బడికి వెళ్ళిన మొదటి రోజే తను దాన్ని బెల్లుకి మార్చేసుకోవడం. దారిలో గాలికి ఎగిరిపోయిందని అక్కకు చెప్పడం. ఎన్నిసార్లు చెప్పాడో, చివరికి తనకూ అలాగే గుర్తుండిపోయింది.

కిటికీలోంచి తడిగాలి వచ్చింది. అతను ముక్కు గట్టిగా పట్టుకున్నాడు. ఆగలేదు. మూడు తుమ్ములు వచ్చాయి.

"ముసురు కదండీ, జాగ్రత్త" అన్నాడు పళ్ళ డాక్టరు.

గుండీల కొట్టాయన మాత్రం ఏమీ అనలేదు. ఆగాడు. భూతద్దం ఊపిరి బిగబట్టి, కళ్ళు మూసుకుని, రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడ్డాడు. గోడ గడియారం చప్పుడు ఫోన్లోకి కూడా వినిపించి ఉంటుంది.

నాలుగోది వచ్చింది.

"ఒరేయ్" అన్నాడు గుండీల కొట్టాయన, "నువ్వట్రా!"

భార్య వచ్చి ఫోన్ కట్టేసింది.

"బెల్లు టీచరు బహుమతిచ్చారన్నావు కదరా" అంది అక్క.

అతను కిటికీ మూశాడు.

"గాలికి పోయిందన్నావని మర్నాడు బడి దారంతా వెతికాను. కాలవలోకి కూడా దిగాను. నీకు తెలీదు." ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది అతనికి. "ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది, ఎప్పటికైనా దొరక్కపోదని అనుకుంటూనే ఉన్నా. అందుకే చూడాలన్నాను. టీ పొట్లంలోది కావాలని నేనెప్పుడన్నానురా?"

మూడేళ్ళు. ఎన్ని వేలాలు, ఎంతమంది దొంగలు. అతనికి ఏడుపొచ్చింది. యాభై ఎనిమిదేళ్ళవాడు మంచం పక్కన నేల మీద కూలబడి ఏడ్చాడు. అక్క వారించలేదు. ఏడుపయ్యేదాకా ఊరుకుని, ఆల్బమ్ తెమ్మంది. అతను ముప్పై ఒకటో గడి వెతికి కార్డు దూర్చాడు. ఆవిడ ఒక్కొక్క పేజీ వేళ్ళతో తడుముతూ చివరిదాకా వెళ్ళి, మళ్ళీ ముడి దగ్గరికి వచ్చింది.

"రంగు ఇంకా ఉందా?"

"ఉందక్కా. కొంచెం నా వేలికి అంటింది."

"పోన్లే" అంది ఆవిడ. "నీ వేలికే కదా."

ఆ తర్వాత రెండు రోజులు ఆవిడ అతనితో మాట్లాడలేదు. ఆల్బమ్ మాత్రం ఒళ్ళోంచి తియ్యలేదు.

గ్రూపు కనికరించలేదు. పత్రంలో రాసింది రాసినట్టు జరిగింది. నిఖార్సు దగ్గరుండి జరిపించాడు. గుండీల కొట్టాయన తనకు డబ్బు వద్దని, బెల్లు ఒకటే అడిగాడు. సోమవారం ఉదయం ఒప్పంద పత్రం నకలు బీమా ఆఫీసుకి చేరింది. మేనేజరు దాన్ని రెండుసార్లు చదివి, చర్య తీసుకునే ముందు ఆ సంతకం అసలుదో కాదో తేల్చాలన్నాడు. ఆఫీసులో ఆ పని తెలిసినవాడు ఒక్కడే.

భూతద్దం పత్రం మీది సంతకాన్నీ ఆఫీసు రికార్డులోని తన సంతకాన్నీ పక్కపక్కన పెట్టుకుని, అద్దంలోంచి చాలాసేపు చూసి, "సరిపోయింది" అని రాసి, కింద సంతకం చేశాడు.