మా పిల్ల కంటే మీ పిల్ల నయం

భీమవరంలో ఏటా జరిగే బాలల వేసవి శిబిరం ముగిసిన రోజున తల్లిదండ్రులు తాము దింపి వెళ్ళిన పిల్లల్నే తిరిగి తీసుకెళ్ళాలన్న నియమమేమీ లేదు. వరసలో నిలబడ్డవాళ్ళలో నచ్చిన పిల్లను ఎంచుకుని తీసుకెళ్ళవచ్చు. ఊరికిది కొత్త కాదు. కల్యాణ మండపం గేటు దాటి మలుపు తిరిగేసరికి పిల్ల ముక్కు కొత్త తండ్రి ముక్కులా తిరిగిపోతుంది, ఆధార్ కార్డులో ఫోటో కూడా దానంతటదే సర్దుకుంటుంది. అందుకని బడివాళ్ళకు గానీ, రేషను డీలరుకు గానీ ఇంతవరకూ ఏ ఇబ్బందీ రాలేదు. ఎవరికీ ఇబ్బంది రాకపోతే అది అన్యాయమే కాదని మనవాళ్ళ నమ్మకం.

ఆ రోజు పొద్దున్నే నాన్నలు ఇస్త్రీ చొక్కాల్లో, అమ్మలు పట్టుచీరల్లో దిగుతారు. పిల్లల చేత పందొమ్మిదో ఎక్కం చెప్పిస్తారు, ఇంగ్లీషులో మాట్లాడిస్తారు, ఎండలో నిలబెట్టి రంగు చూస్తారు. సంతలో గేదెను బేరమాడేవాడైనా దాని దూడ సంగతేమిటని ఒక్కసారి అడుగుతాడు. ఇక్కడ ఆపాటి ఇంగితం కూడా ఉండదు. "మనోణ్ణి ఉండనియ్యవే, ఆ కళ్ళజోడు కుర్రాణ్ణి చూడు, ఎంత బాగా చదివే మొహమో!" అని ఒకాయన పెళ్ళాంతో బాహాటంగానే అంటుంటాడు. ఆ 'మనోడు' పక్కనే నిలబడి వింటూ ఉంటాడు.

ఈ శిబిరానికి హైమావతి స్వచ్ఛంద సలహాదారుగా చేరింది. ఆమె ఎలక్ట్రిసిటీ ఆఫీసులో గుమాస్తా, సెలవు పెట్టి మరీ వచ్చింది. కారణం ఒక్కటే. సెలవుల్లో ఇంట్లో ఉంటే మంజీర పొద్దస్తమానం ఫోనే చూస్తుందని మొగుడు ఆమెతో ఒక్కమాటైనా చెప్పకుండా శిబిరంలో పేరు రాయించేశాడు. మంజీర వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, ఆరో తరగతి. సలహాదారుల పిల్లలకు ఒక వెసులుబాటు ఉంది: ముగింపు రోజున తల్లి పిల్ల పక్కన నిలబడి, పేరు పిలవగానే "మా పిల్ల మాకే" అంటే చాలు, ఇంకెవరూ వేలు పెట్టరు. ఆ ఒక్క మాట అనడం కోసమే హైమావతి వేసవంతా అక్కడ పడి ఉంది.

సలహాదారులకు జీతం లేదు. చివర్లో వేదిక మీద శాలువా, జ్ఞాపిక, ఎవరూ ఎంచుకోని పిల్ల ఎవరైనా ఉంటే ఆ పిల్లనూ ఇస్తారు. వాళ్ళ పని పిల్లల్ని ఎంపికకు తయారుచేయడం. ఎలా నవ్వాలి, ఎంతవరకు నవ్వాలి, పెద్దలు చెంప గిల్లితే మొహం ఎలా పెట్టాలి, సొంత అమ్మ వేరే పిల్లను ముద్దు చేస్తుంటే ఎటు చూడాలి. ఇవన్నీ నేర్పుతుంటే హైమావతికి అరికాలి మంట నెత్తికెక్కేది. "పిల్లలనుకున్నారా, పెళ్ళిలో పెట్టే సారె అనుకున్నారా?" అని వంటశాలలో గిన్నెలతో అనేది. వేదిక ముందు మాత్రం అందరికంటే బాగా నేర్పింది. ఆమె జట్టుకే మంచి పేరు వచ్చింది.

కమిటీ అధ్యక్షుడు పేర్రాజు గారు మొదటి రోజే సలహాదారుల్ని కూర్చోబెట్టి చెప్పాడు. "అమ్మా, ఒక్కటే జాగ్రత్త. నలుగురి ముందు తల్లి తన నోటితో 'మా పిల్ల కంటే మీ పిల్ల నయం' అందంటే మార్పిడి అయిపోయినట్టే. తరవాత నన్నని లాభం లేదు."

"అలా ఏ తల్లంటుందండీ?" అని హైమావతి నవ్వింది.

ముగింపు రోజున పేర్లు పిలుస్తున్నారు. మంజీర పేరు ఇంకా రాలేదు, పిల్ల తల్లి కొంగు పట్టుకుని నిలబడి ఉంది. రైసుమిల్లు వాళ్ళ భ్రమరాంబ తన కూతురు ఝాన్సీని వెంటబెట్టుకుని వచ్చింది. ఝాన్సీ అడిగితే తప్ప నోరు విప్పదు, అడిగినా సగమే విప్పుతుంది.

"హైమావతి గారూ, మీ మంజీర నిన్న మైకులో ఎంత చక్కగా మాట్లాడిందండీ! ముత్యాల్లాంటి మాటలు. రాత్రి మావారూ నేనూ అదే చెప్పుకున్నాం" అంది భ్రమరాంబ.

హైమావతి గుండె ఆనందంతో పొంగింది, వెంటనే భయంతో ముడుచుకుంది. ముందు రాత్రి ఆ మాటలు విని తను కూడా చాటుగా కళ్ళు తుడుచుకుంది. కానీ నలుగురి నోళ్ళలో పడితే పిల్లకు దిష్టి తగలదూ? వాళ్ళమ్మ తనకు అడ్డేసిన మాట, వాళ్ళమ్మమ్మ వాళ్ళమ్మకు అడ్డేసిన మాట, ఆలోచనతో పని లేకుండా నోట్లోంచి జారింది.

"ఆఁ, ఏం మాటలండీ, ఒట్టి వాగుడు! ఇంట్లో పుల్ల తీసి ఇటుది అటు పెట్టదు. మా పిల్ల కంటే మీ పిల్ల నయమండీ, నెమ్మదస్తురాలు."

పేర్రాజు గారు చేతిలో మైకు దించి, చుట్టూ చూసి తల ఊపాడు. నలుగురూ విన్నారు. భ్రమరాంబ మొహం చేటంత అయింది.

"అదేంటండీ బాబూ!" హైమావతి గొంతు చించుకుంది. "దిష్టి తగలకుండా అన్న మాటది! మీ ఇంట్లో మీరనరా? ఈ మండపంలో అననివాళ్ళు ఒక్కళ్ళుంటే చెయ్యెత్తమనండి చూద్దాం! నా పిల్లమీద చెయ్యేస్తే ఊరుకునేది లేదు, ఎవరనుకున్నారో!"

ఎవరూ చెయ్యెత్తలేదు. అంతమంది పెద్దమనుషులు పట్టుచీరల్లోనూ, ఇస్త్రీ చొక్కాల్లోనూ నేల చూపులు చూశారు.

"కంగారు పడకమ్మా," అన్నాడు పేర్రాజు గారు. "మేమేం రాక్షసులం కాదు. పిల్లనే అడుగుదాం. ఏమ్మా మంజీరా, మీ అమ్మ ఆ మాట దిష్టికి అందా, నిజంగా అందా?"

మంజీర అబద్ధం ఆడే పిల్ల కాదు, ఆడకూడదని నేర్పింది హైమావతే.

"దిష్టికని నాకెప్పుడూ ఎవరూ చెప్పలేదండీ. ఎవరొచ్చినా అమ్మ అదే అంటుంది. నేను నిజమేననుకుంటున్నాను."

ఇంతసేపూ కమిటీ మీద ఎగిసిన కోపం గిర్రున తిరిగి హైమావతి నెత్తి మీదే పడింది. అందరూ వెళ్ళాక చెబుదాం, పడుకునేముందు చెబుదాం, ఫస్టు వచ్చాక చెబుదాం అని దాచుకున్న మెప్పులన్నీ దాచిన చోటే ఉండిపోయాయి. ఎవరో వచ్చి ఆమె భుజాల మీద శాలువా కప్పారు. ఝాన్సీని తెచ్చి పక్కన నిలబెట్టారు. చప్పట్లు కొట్టారు కూడా.

ఆమె తేరుకునేసరికి మంజీరను ఎక్కించుకుని భ్రమరాంబ వాళ్ళ కారు గేటు దాటింది. హైమావతి శాలువా విసిరికొట్టి పరిగెత్తింది. మలుపు దగ్గర ఎద్దుబండి అడ్డమొచ్చి కారు ఆగింది. అద్దం మీద అరచేత్తో బాదితే భ్రమరాంబ కిందికి దించింది.

"మంజీ, నీ అంత చక్కగా మాట్లాడే పిల్ల ఈ జిల్లాలోనే లేదే! నువ్వు నా బంగారానివే! నిన్న రాత్రి నీ మాటలు విని ఏడ్చానే!"

వెనక సీట్లోంచి పిల్ల ఇటు తిరిగింది. ముక్కు అప్పటికే రైసుమిల్లు వాళ్ళ ముక్కు.

"థాంక్సండీ ఆంటీ," అంది మర్యాదగా.

పరాయి మనిషి నోట అంత పొగడ్త వినగానే భ్రమరాంబ గతుక్కుమంది. పిల్ల నెత్తి మీద చెయ్యేసి, "ఏం బంగారమండీ, ఒట్టి మొద్దు! ఆ ఝాన్సీయే నయం" అనేసింది.

"అన్నారు! మీ నోటితో మీరే అన్నారు!" అని హైమావతి కేక పెట్టింది. బండివాడు విన్నాడు, సోడాబండి దగ్గరున్నవాళ్ళు విన్నారు, వెనకాలే వచ్చిన పేర్రాజు గారూ విన్నాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని గుంజింది. "నలుగురూ విన్నారండీ! నా పిల్లను నాకిప్పించండి!"

పేర్రాజు గారు జాలిగానే చెయ్యి విడిపించుకున్నాడు. ఎద్దుబండి తప్పుకుంది, కారు కదిలింది. ఝాన్సీ వచ్చి హైమావతి పక్కన నిలబడింది.

"గేటు బయట అన్నవి లెక్కలోకి రావమ్మా," అన్నాడాయన. "బయట కూడా లెక్కేస్తే ఏ ఇంట్లోనూ పిల్లలు మిగలరు."