అక్రా నుంచి దార్‌కు దగ్గర దారి

బయలుదేరేటప్పుడు నా చేతిలో ఉన్నవి: టికెట్టు ఒకటి, జిన్ సీసాలు రెండు, మేనల్లుడి పెళ్ళి ఒకటి.

మా ఖండం పడమటి ఒడ్డున ఉన్న అక్రా నుంచి తూర్పు ఒడ్డున ఉన్న దార్ ఎస్ సలామ్‌కు నాలుగువేల ఆరువందల కిలోమీటర్లు, ఆరు గంటలు అని ఇంటర్నెట్ చెబుతుంది. ఆ లెక్క కాకులకు. మనకు నేరుగా విమానం లేదు. ఇదెంత అదృష్టమో మీకెవరికీ అర్థం కావడం లేదు!

ముప్పై ఏళ్ళుగా మా ఊరు కుమాసీలో బట్టలు అమ్ముతున్నాను. గజానికి డబ్బిస్తే రెండున్నర గజాలు చింపి ఇచ్చే దుకాణం చూశారా? విమానం వాళ్ళిస్తారు. తూర్పుకు టికెట్టు కొంటే ముందు ఉత్తరానికి మోసుకెళ్ళి, యూరప్‌లో ఒక చలి ఊరు చూపించి, అప్పుడు కిందికి దింపుతారు. మొత్తం పన్నెండు వేల కిలోమీటర్లు! పైగా ఆ ఊరి వీసా కూడా కావాలి. పక్కింటికి వెళ్తూ ఎదురింటివాడి అనుమతి అడగడం మర్యాద కాదూ?

మా అక్క కొడుకు అన్సా దార్‌లో ఉంటాడు. అక్కడి పిల్ల నీమాను చేసుకుంటానన్నాడు. మా పద్ధతిలో మేనమామ సీసాలు తీసుకెళ్ళి పిల్ల ఇంటి తలుపు తట్టి సంబంధం అడగాలి. వీసా రాక అప్పటికే రెండుసార్లు వాయిదా వేశాను. ఈ శనివారం రాకపోతే వేరే సంబంధం చూస్తామని పిల్ల నాయనమ్మ కబురు పెట్టింది.

అక్రాలో విమానం మూడు గంటలు ఆలస్యం. శనివారం ఉదయం ఆ చలి ఊళ్ళో దిగేసరికి దార్ విమానం వెళ్ళిపోయింది. మళ్ళీ సోమవారమే. అది చాలదన్నట్టు తనిఖీ దగ్గర అధికారిణి, అక్రా విమానాశ్రయంలో కొన్న నా సీసాలు పట్టుకుంది.

"అమ్మా, ఇవి తాగడానికి కావు. తలుపు తట్టడానికి."

ఆవిడ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. వెనకాల క్యూలో ఉన్న పెద్దమనిషి మాత్రం, "ఎవరి తలుపండీ?" అన్నాడు.

దార్‌లో మసావే గారిదని చెప్పాను.

"అది మా అన్న ఇల్లు. రెండుసార్లు రాకుండా ఎగ్గొట్టిన మేనమామవు నువ్వేనా?"

పిల్ల చిన్నాన్న! నా సీసాలు అందుకోవలసిన మనిషే. మా పక్క దేశంలోని అబిజాన్‌లో జీడిపిక్కల బేరం చూసుకుని, ఇదే దగ్గర దారిన ఇంటికి వెళ్తూ, అదే విమానం అందుకోలేకపోయాడు.

సీసాలు పారబోయమంది అధికారిణి. మాకు అంతకంటే ఏం కావాలి? నాలుగు చుక్కలు నేల మీద పోసి పోయిన పెద్దలను పిలవందే మేం ఏ మంచి పనీ మొదలుపెట్టం. పోశాను. మసావే ఒక గుక్క తాగాడు. తమ వైపు అరటి కల్లు పుచ్చుకుంటే పిల్లనిచ్చినట్టేనని, జిన్ అయితే ఇంకా గట్టి మాటేనని చెప్పాడు. తుడిచే గుడ్డ తెచ్చిన అధికారిణే సాక్షి.

అక్కణ్ణుంచే తన తల్లికి, అంటే పిల్ల నాయనమ్మకు, ఫోన్ చేశాడు. ఆవిడ సరేనంది.

"పని అయిపోయిందిగా మామా, ఇక వెనక్కి వెళ్ళిపో," అన్నాడు అన్సా ఫోన్‌లో.

వెళ్ళాను. అక్కణ్ణుంచి అక్రాకు నేరుగా విమానం ఉంది, రోజుకు రెండు! అబిజాన్‌కూ ఉంది, దార్‌కూ ఉంది. మన ఊరి నుంచి మన ఊరికే లేదు.

పెళ్ళెక్కడని రెండు వైపులా తర్జనభర్జన పడ్డాం. రెండు వైపులవాళ్ళూ విమానం మారకుండా చేరగలిగిన చోటు ఆ చలి ఊరే. అక్కడే ఖాయం చేశాం.

చివరికి మిగిలినవి: మా అక్కకు ఒక కోడలు, నాకు ఒక వియ్యంకుడు, చుట్టాలందరికీ కుట్టించాల్సిన నూట నలభై చలికోట్లు. దార్ ఎలా ఉంటుందో ఇంకా చూడలేదు.